రెండు వేళ్ళు తక్కువ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నాపెద్దా అందరికీ కొలతలమ్మే. ఎవరైనా ఎదురుగా నిలబడితే ముందు మొహం చూడదు. భుజం దగ్గర మొదలుపెట్టి చీలమండ దాకా ఒకసారి కళ్ళతో దిగి, ఆ తర్వాతే పలకరిస్తుంది. కుడిభుజం కాస్త జారిందనీ, పొట్ట పెరిగిందనీ, పోయినసారి చెప్పిన నడుం కొలత పచ్చి అబద్ధమనీ ఆ ఒక్క చూపులోనే తేలిపోతుంది. మెడలో టేపు ఉంటుంది గానీ అది నగలాంటిదేనని వీధివాళ్ళ ఎగతాళి. ఆ ఎగతాళి ఆమెకి లోలోపల ఇష్టం. తన చేయి తప్పదన్న గర్వం ఆమెకి లేదంటే నేను అబద్ధం చెప్పినట్టే.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ కింద కుట్టుమిషను, మధ్యలో కత్తిరించే బల్ల, గోడవారగా ఇస్త్రీ బల్ల. ప్యాంటు కత్తిరించాలంటే ఏ దర్జీ అయినా బట్టను మడిచి, రెండు పొరల మీద ఒకేసారి కత్తెర నడుపుతాడు. ఒక కోతకి రెండు కాళ్ళూ వచ్చేస్తాయి. మనుషుల కాళ్ళు రెండూ సమానమని దర్జీల లోకం అంతా కళ్ళు మూసుకుని నమ్ముతుంది. ఆమె కూడా అందరి విషయంలోనూ నమ్మింది, కన్నకూతురి విషయంలో తప్ప.

కూతురికి మాటలు ఇంకా తిరగని వయసులో జ్వరం వచ్చి, అది ఎడమ తొడ ఎముకలోకి దిగి చీము పట్టింది. ప్రాణం దక్కింది గానీ ఎముక పెరిగే చోటు దెబ్బతింది. పిల్లతో పాటు కుడికాలు పెరిగింది. ఎడమకాలు వెనకబడుతూ వచ్చి, చివరికి నాలుగు చేతివేళ్ళ వెడల్పు తేడా దగ్గర ఆగింది. అందులో రెండు వేళ్ళు చెప్పులో పెట్టిన ఎత్తు దాచేది. అంతకు మించి ఎత్తు పెడితే చెప్పు ఇటుకరాయిలా ఉంటుందని పిల్ల వేసుకునేది కాదు. మిగిలిన రెండు వేళ్ళనీ తల్లి కత్తెర దాచింది. కుడికాలు కొలిచి, ఎడమకాలికి రెండు వేళ్ళు తగ్గించి, బట్ట మడవకుండా ఏ కాలికి ఆ కాలు విడిగా కత్తిరించేది. ప్యాంటు అంచులు రెండూ నేలకి ఒకే ఎత్తులో ఆగేవి. పిల్ల నడిస్తే తెలిసేది. నిలబడితే మాత్రం తెలిసినవాళ్ళకి కూడా తెలిసేది కాదు.

ఎడమకాలికి ఆమె ఒక్కసారీ టేపు పెట్టలేదు. పెట్టబోతే పిల్ల మొహం మాడిపోయేది. అందుకని కుడికాలు కొలిచాక రెండు వేళ్ళు సుద్ద పక్కన ఆనించి గీత గీసెయ్యడం అలవాటు చేసుకుంది. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆ ఇంట్లో. పిల్ల ప్యాంట్లని కాలు మీద కాలు వేసి మడవరు. చిన్నప్పుడు ఒకసారి ఆమె అలా మడిచి పెడితే, కిందనుంచి రెండు వేళ్ళ మేర బయటికొచ్చిన కుడికాలిని చూసి పిల్ల అడిగింది, నేను ఇలాగే ఉంటానా అని. ఆ తర్వాత ఆ ప్యాంట్లన్నీ నడుం పట్టుకుని కొక్కానికి వేలాడాయి. ఇస్త్రీ కూడా ఆమే చేసేది, భర్తని ముట్టుకోనిచ్చేది కాదు.

చదువయ్యాక కూతురు ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి వెళ్ళింది. గంటలకొద్దీ నిలబడే పని కదమ్మా, నీకెందుకీ శ్రమ అని ఎంతో దయగా మాట్లాడి పంపించేశారు. అలాంటి దయ చూస్తే ఒళ్ళు మండుతుంది. పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు, అన్నం మానలేదు. కాలు పొడవు చేయించుకుంటానని చెప్పింది. ఎక్కడ చేస్తారో, ఏం చేస్తారో అప్పటికే తెలుసుకుని పెట్టుకుంది. తల్లిదండ్రులు వద్దనడానికి నోరు తెరిచేలోగా డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. తొడ ఎముకని మధ్యలో కోస్తారు. దాని బోలులోకి ఒక రాడ్డు దించుతారు, నెయిల్ అంటారు దాన్ని. బయటికి ఏమీ కనిపించదు. రాడ్డు లోపల చిన్న అయస్కాంతం ఉంటుంది. బయటనుంచి ఒక బరువైన యంత్రాన్ని తొడ మీద ఆనించి మీట నొక్కితే, అందులోని అయస్కాంతాలు గిర్రున తిరిగి లోపలిదాన్ని తిప్పుతాయి. రాడ్డు వెంట్రుకవాసి సాగుతుంది, కోసిన ఎముక ముక్కలు అంతే దూరం జరుగుతాయి, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. మళ్ళీ వెంట్రుకవాసి. మళ్ళీ కొత్త ఎముక. తొందరపడితే ఎముక పుట్టదు, ఆలస్యం చేస్తే ముందే అతుక్కుపోయి ఇక సాగదు. అంటే బట్ట చాలకపోతే మధ్యలో ముక్క వేసినట్టు కదా అని ఆమె అడిగితే డాక్టరు నవ్వి, ముక్కని బట్టే నేసుకోవాలమ్మా, అదే కష్టం అన్నాడు.

కష్టం అన్న మాట ఎంత చిన్నదో ఆపరేషన్ అయ్యాక తెలిసింది.

యంత్రాన్ని ఇంటికి ఇచ్చి పంపారు. దాన్ని ఎక్కడ ఆనించాలో నర్సు పిల్ల తొడ మీద గుర్తు పెట్టి చూపించింది. లోపల రాడ్డు ఉన్నన్నాళ్ళూ వేరే అయస్కాంతాలేవీ కాలి దగ్గరికి తేవద్దని హెచ్చరించింది. కొలతలమ్మ మణికట్టుకి ఎప్పుడూ ఒక పట్టీ ఉండేది. దాని మీద అయస్కాంతపు బిళ్ళ, బిళ్ళ నిండా గుండుసూదులు. ఆ రోజే దాన్ని విప్పి మిషను సొరుగులో పడేసింది. సూదులు నోట్లో పెట్టుకుని పని చేసుకుంది. వేళకి మిషను ఆపి, చేతులు తుడుచుకుని, యంత్రాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళేది. అది తిరిగేటప్పుడు పెద్దగా నొప్పి ఉండదు. నొప్పంతా తర్వాతే. ఎముక చెప్పిన మాట వింటుంది, కండ వినదు. సాగనని మొండికేసి మోకాలిని బిగించేస్తుంది. నరం జివ్వుమని పాదం దాకా లాగుతుంది. పిల్లకి ఏ పక్కకి తిరిగినా నిద్ర లేదు, పిల్లకి లేకపోతే తల్లికి ఎక్కడిది?

మోకాలు వంచడానికి ఫిజియోథెరపీ ఆవిడ వచ్చేది. దిట్టమైన మనిషి. చెప్పులు విప్పుతూనే ఎంత వంగింది అని అడిగేది. పిల్ల ఆవిడకి పోలీసమ్మ అని పేరు పెట్టింది. పోలీసమ్మ వచ్చి వెళ్ళాక మిగతా వేళల్లో ఆ వంచే పని తల్లిది. ఒక చేయి తొడ కింద, ఒక చేయి మడమ కింద పెట్టి మెల్లగా వంచాలి. పిల్ల పళ్ళు బిగబట్టేది. కొన్నిసార్లు తిట్టేది, ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినపడని తిట్లు. తల్లి వినేది. ఈ తిట్లు ఎక్కడ నేర్చిందో అని ఒక పక్క ఆశ్చర్యపడుతూనే వంచేది.

స్నానం చేయించడం, బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, వాకర్ పట్టుకుని నిలబెట్టడం, మధ్యలో ఊళ్ళోవాళ్ళ జాకెట్లూ ప్యాంట్లూ. భర్త బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చాక చేయగలిగింది చేసేవాడు, చేస్తూ చేస్తూనే నిద్రపోయేవాడు. అలసట అంటే ఒళ్ళునొప్పులనే అనుకుంది ఆమె ఇన్నాళ్ళూ. అది కాదు. పిల్లకి ఎలా ఉందండీ అని ఎవరైనా ప్రేమగా అడిగితే జవాబు చెప్పడానికి కూడా ఓపిక లేక విసుక్కోవడం అలసట. ఆ తర్వాత, అయ్యో విసుక్కున్నానే అని బాధపడే ఓపిక కూడా లేకపోవడం.

ఎలాగైతేనేం, నాలుగు వేళ్ళూ వచ్చాయి. డాక్టరు చాలన్నాడు, యంత్రాన్ని వెనక్కి ఇచ్చేశారు. ఎక్స్-రేలో ఖాళీగా ఉన్న సందు మెల్లగా మబ్బేసి, ఆపైన తెల్లబడి గట్టిపడింది. వాకర్ పోయి చంకకర్రలు వచ్చాయి, అవి పోయి చేతికర్ర వచ్చింది. రాడ్డు మాత్రం ఇంకా కొన్నాళ్ళు లోపలే ఉంటుంది, ఎముక పూర్తిగా ముదిరాక చిన్న ఆపరేషన్ చేసి తీసేస్తారు. అది తీయించుకోవడానికి పిల్లకి భయం లేదు. ఒకరోజు మోకాలు వంచుతుంటే, కళ్ళు మూసుకుని తల్లితో అంది:

"తీసెయ్యడం అయితే సరేనమ్మా. కానీ ఎక్కువైందనో తక్కువైందనో మళ్ళీ సాగదీస్తామంటే మాత్రం నా వల్ల కాదు. వెంట్రుకవాసి కూడా నా వల్ల కాదు. ఎలా ఉంటే అలా బతికేస్తా."

ఆ మాట అన్న తీరు చూసి తల్లికి అర్థమైంది, అది బెదిరింపు కాదు, పిల్లలో ఇంక మిగిలింది అంతే. తనలో మిగిలింది కూడా అంతే. ఎవరు చూసినా అమ్మయ్య గట్టెక్కారు అనుకునే సమయంలో ఆ ఇద్దరూ పడిపోకుండా ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

నడక ఒకటి మిగిలింది. కాళ్ళు సమానమయ్యాయి, అయినా పిల్ల నడిస్తే ఎడమపక్కకి ఒరిగేది. పోలీసమ్మ అద్దం ముందు నడిపించి కేకలేసేది, కాలు కొత్తదే గానీ నడక ఇంకా పాతదే, మర్చిపోవాలి, ఒళ్ళు మర్చిపోయేదాకా రోజూ చెప్పాలి అని. పిల్ల రోజూ చెప్పుకుంది. ఎడమకాలు నేలకి అందుతుంది, వంగక్కర్లేదు, అందుతుంది.

అప్పుడే ఇంకో హోటల్లో ఉద్యోగం వచ్చింది. అదే రిసెప్షన్ పని. నిలబడగలవా అని అడిగితే నిలబడి చూపించి వచ్చింది. యూనిఫాం ఎవరిది వాళ్ళు కుట్టించుకోవాలి. ముదురు నీలం ప్యాంటు, తెల్ల చొక్కా. అమ్మ ఉండగా ఇంకెవరు కుడతారు! కానీ అవి బళ్ళు తెరిచే రోజులు. కొట్టునిండా పిల్లల యూనిఫాంలు, తలుపు దగ్గర తల్లుల గొడవ. తలప్రాణం తోకకి వస్తున్న ఆ హడావుడిలో కొలతలమ్మ సొరుగులోంచి గుండుసూదుల పట్టీ తీసి మళ్ళీ మణికట్టుకి కట్టుకుంది. ఎప్పుడు కట్టుకుందో ఆమెకే గుర్తు లేదు. యూనిఫాంల గుట్ట మధ్యలో కాస్త సందు చూసుకుని, కూతురి కుడికాలు కొలిచి, నీలం బట్ట బల్ల మీద పరిచి ప్యాంటు కత్తిరించింది. సాయంత్రానికి కుట్టేసింది.

"వేసుకో, అంచు చూస్తా."

పిల్ల వేసుకుని అద్దం ముందు నిలబడింది. కొత్త బూట్లు, రెండూ ఒకే ఎత్తువి. జీవితంలో మొదటిసారి కొట్టులో జతగా కొన్న బూట్లు. మొహం వెలిగిపోతోంది. తల్లి మోకాళ్ళ మీద కూర్చుని అంచు చూసింది. కుడికాలి అంచు బూటు మీద చక్కగా ఆనింది. ఎడమకాలి అంచు బూటుకి అందకుండా పైన ఆగిపోయింది. రెండు వేళ్ళ పైన.

ఆమె మెల్లగా వెనక్కి జరిగి మళ్ళీ చూసింది. నిటారుగా నిలబడు అంది. నిలబడే ఉన్నాను కదా అంది పిల్ల. కాలు పెరిగితేనే అంచు పైకి లేస్తుంది. ఎడమకాలు పెరిగింది. సరిపోయిన దగ్గర ఆగకుండా, కుడికాలిని దాటి పెరిగింది. కత్తెర తప్పు ఏమో అన్న ఆలోచన ఆమెకి రాలేదు. ఎందుకు వస్తుంది? ఊరంతా తప్పు కొలతలు చెప్తే సరిచేసిన మనిషి ఆమె.

ఏంటమ్మా అని పిల్ల అడిగితే, ఏం లేదు, అంచు ఇంకా మడవాలి, విప్పెయ్ అంది. నేలమీద పడ్డ సూది తీసి అలవాటుగా మణికట్టు మీద పెట్టింది. బిళ్ళ టక్కున లాక్కుంది. ఆ చిన్న చప్పుడుకి ఆమె మణికట్టు వైపు చూసింది. అయస్కాంతాలు దగ్గరికి తేవద్దు అన్న నర్సు మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ పట్టీ కట్టుకునే రోజూ ఈ చేతినే పిల్ల తొడ కింద పెట్టి మోకాలు వంచుతోంది. లోపలి అయస్కాంతాన్ని పైనుంచి అయస్కాంతమే తిప్పుతుంది కదా. తానే తిప్పింది. తెలియకుండా రోజూ కొంచెం కొంచెం తిప్పింది. వెంట్రుకవాసి కూడా నా వల్ల కాదన్న పిల్లకి రెండు వేళ్ళు ఎక్కువ చేసి పెట్టింది.

పట్టీ విప్పేసింది గానీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కిటికీలోంచి వీధిలోకి విసిరేసింది. విసిరితే ఏమవుతుంది, తిరిగింది తిరిగిపోయింది.

భర్త డ్యూటీ దిగి టీ తాగుతుంటే పక్కన కూర్చుని సంగతి చెప్పింది. ఏడుస్తూ చెప్పాలనుకుంది, ఏడుపు కూడా రాలేదు. ఆయన బస్సు నడిపే మనిషి, ముందు ఏముందో చూడకుండా మాట్లాడడు. కప్పు కింద పెట్టి, ఎక్స్-రే తీయిస్తే తెలుస్తుంది కదా, రేపే వెళ్దాం అన్నాడు. పిల్లకి ఏమని చెప్పాలి అని ఆమె అడిగితే, ఉద్యోగంలో చేరేముందు ఒకసారి చూపించుకుందాం అని చెబుదాం, అబద్ధం కూడా కాదు అన్నాడు. పిల్ల నమ్మింది. ఆ నమ్మడం చూసి తల్లికి ఇంకా కష్టమైంది.

ఆసుపత్రిలో అదే బెంచీ, అదే గోడ, గోడ మీద అదే నవ్వే పాప బొమ్మ. ఎన్నిసార్లు కూర్చుందో ఆ బెంచీ మీద. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మందు వాసన వచ్చి పోయేది. ఎక్స్-రే తీశారు, పిలిచేదాకా కూర్చోబెట్టారు, పిలిచారు. డాక్టరు ఆపరేషన్ గదిలోంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫిల్మ్ వెలుగులో పెట్టి చూసి, బాగుంది అన్నాడు. ఎముక చక్కగా ముదిరింది, కాళ్ళు రెండూ సమానం, హాయిగా ఉద్యోగం చేసుకో అని పిల్లతో అన్నాడు.

తల్లి కదల్లేదు. ఇంకోసారి కొలవండి అంది. డాక్టరు ఫిల్మ్ మీద స్కేలు పెట్టి చూపించాడు. అలా కాదు, మనిషిని కొలవండి అంది. ఆయన ఒక నిట్టూర్పు విడిచి, పిల్లని బల్ల మీద పడుకోబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా టేపు పెట్టి రెండు కాళ్ళూ కొలిచాడు. టేపు ఎలా పట్టుకున్నాడో ఆమె పరీక్షగా చూసింది, వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. రెండూ సమానం. అప్పుడు ఆగలేక అయస్కాంతం సంగతి చెప్పేసింది. పిల్ల వింటోందని కూడా చూసుకోలేదు.

డాక్టరు విన్నాడు. నవ్వలేదు, అది ఆయన మంచితనం. ఆ బిళ్ళ నిలకడగా ఉంటుందమ్మా, అది లోపలిదాన్ని తిప్పలేదు, మా యంత్రంలో పెద్ద అయస్కాంతాలు మోటారుతో తిరిగితే తప్ప రాడ్డు కదలదు అని నిదానంగా చెప్పాడు. దూరంగా ఉంచమన్నది జాగ్రత్త కోసమే, ఇక ముందు కూడా అలాగే ఉంచండి అన్నాడు.

"మరి ప్యాంటు ఎడమపక్క ఎందుకు లేచిందండీ?"

"ప్యాంటు సంగతి నాకు తెలియదమ్మా," అన్నాడు డాక్టరు. "కాలి సంగతి నేను చెప్పాను."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. భర్త కిటికీలోంచి రోడ్డు చూస్తూ, ఈ డ్రైవరు బ్రేకు ఆలస్యంగా కొడుతున్నాడని గొణుక్కున్నాడు. పిల్ల చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుంది. కోపంగా ఉందేమో అని తల్లి ఓరగా చూసింది. కోపం కాదు. పిల్ల మొహంలో మోకాలు వంచే రోజుల నాటి అలసట తిరిగొచ్చింది.

"ఫిల్మ్ పెట్టి చూపించారు, టేపు పెట్టి చూపించారు. అయినా నీకు నా కాలి మీద నమ్మకం రాలేదు," అంది పిల్ల, గొంతు పెంచకుండా. "కత్తెర మీద మాత్రం అనుమానం రాలేదమ్మా నీకు."

నా కత్తెర ఇన్నేళ్ళలో తప్పలేదని నాలుక చివరిదాకా వచ్చింది ఆమెకి. మింగేసింది. మింగిందే గానీ నమ్మకం పోలేదు. మనిషికి ఒక్క విషయంలో గర్వం ఉంటే చాలు, మిగతా లోకం అంతా తప్పయిపోతుంది.

ఇంటికొచ్చాక భర్త స్నానం చేసి, మర్నాటి డ్యూటీకి తన ఖాకీ బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వడు. మడత మీద మడత కత్తిలా రావాలి. ఆమె మిషను దగ్గర కూర్చుంది గానీ తొక్కడం లేదు, ఊరికే కూర్చుంది. పిల్ల గుమ్మంలో కర్ర ఆనించుకుని నిలబడింది. ఖాకీ అయిపోయాక ఆయన, రేపు పిల్ల కూడా ఉద్యోగానికి వెళ్తుంది కదా అనుకున్నాడో ఏమో, కొక్కానికి ఉన్న నీలం ప్యాంటు తీసుకున్నాడు. ఆమె చూసి కూడా వద్దనలేదు, వద్దనే ఓపిక లేదు. ఆయనకి ఆ ఇంటి అలవాటు గుర్తు లేదు. తన ప్యాంటుకి చేసినట్టే నడుం కలిపి పట్టుకుని, కాలు మీద కాలు వేసి, బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు. చేయి ఆగింది.

"ఇదేంటి, ఒక కాలు పొట్టిగా ఉందే?"

ఆ మాట ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. ఆయన అన్నది ప్యాంటు గురించే, అయినా అన్నాక ఆయనే తడబడి చేయి వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురూ ఇస్త్రీ బల్ల వైపు చూశారు. ఎడమకాలి కిందనుంచి కుడికాలు బయటికొచ్చి ఉంది.

ఆమె లేచి వెళ్ళి, బయటికొచ్చిన ఆ బట్ట మీద తన రెండు వేళ్ళు ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కుడికాలు కొలిచింది, ఎడమకాలు కొలవలేదు. రెండు వేళ్ళు ఆనించి గీత గీసింది. తలలో యూనిఫాంలు ఉన్నాయి, చేతిలో పాత కూతురు ఉంది. ఎముక కోసుకుని, రాడ్డు వేసుకుని, నొప్పి పడి పడి పిల్ల ఎక్కి వచ్చిన ఎత్తుని ఈ చేయి ఒక్క సుద్ద గీతతో మళ్ళీ తగ్గించేసింది. పైగా తప్పు కాలిదన్నది.

అప్పుడు వచ్చింది ఏడుపు. ఇస్త్రీ బల్ల పక్కనే నేలమీద కూలబడి, ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. కాలు బాగానే ఉందన్న సంతోషం కొంత, సిగ్గు కొంత, ఇన్నాళ్ళుగా ఏడవడానికి తీరికలేక దాచిపెట్టుకున్నది చాలా. భర్త ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపేసి, ఏం చేయాలో తెలియక ఆమె పక్కనే కూర్చున్నాడు.

పిల్ల గుమ్మంలోంచి మెల్లగా నడిచి వచ్చింది. ఎడమపక్కకి ఒరగబోయి, ఆగి, సరిచేసుకుని వచ్చింది.

"నా నడకకి పోలీసమ్మ ఉంది. నీ చేతికి ఎవరున్నారమ్మా?" అంది. మొహంలో నవ్వు ఉంది. "లే. బట్ట మిగిలిందా?"

మిగిలింది. కొలతలమ్మ ఎప్పుడూ కాస్త ఎక్కువే తీసుకుంటుంది. కళ్ళు తుడుచుకుని, నీలం బట్టని ఎప్పట్లాగే ఒకే పొరగా బల్ల మీద పరిచింది. పిల్ల అవతలి కొస పట్టుకుని ఎత్తి, ఇవతలి కొస మీదికి తెచ్చి వేసింది. బట్ట రెండు పొరలైంది. ముడతలు లేకుండా ఇద్దరూ చేత్తో సరిచేశారు.

తల్లి మెడలోంచి టేపు తీసి, అలవాటుగా కుడికాలి వైపు వంగింది. పిల్ల కర్రని బల్లకి ఆనించి, ఎడమకాలు ముందుకు పెట్టింది.

"ఇది కొలువు."

తల్లి తలెత్తి చూసింది. పిల్ల మొహం మాడలేదు. టేపు తుంటి మీద పెట్టి, వేళ్ళతో ఒత్తుకుంటూ కిందికి దింపింది. తొడ దగ్గర, లోపల రాడ్డు ఉన్న చోట, కుట్టు మచ్చ దగ్గర, చేయి కాస్త ఆగి మళ్ళీ దిగింది. మోకాలు దాటింది, పిక్క దాటింది, మడమ దాకా వచ్చింది. అంకె చూసింది. ఒకసారి చాలక మళ్ళీ చూసింది. బట్ట మీద సుద్దతో గీత గీసింది, పక్కన వేళ్ళు ఆనించలేదు. రెండు పొరలు కదా, కత్తెర బరువుగా నడిచింది, మణికట్టు లాగింది, మధ్యలో ఒకసారి ఆగి చేయి విదిలించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఎడమకాలి కొలతకే కుడికాలు కూడా కత్తిరించింది.